డబ్బులు కట్టేశాం, పిల్లలేమో తినరు: డిస్నీ ట్రిప్‌కి డైనింగ్ ప్లాన్ తీసుకోవాలా వద్దా?

ఈ వారం ఉత్తరం డల్లాస్ దగ్గర ఉండే ఒకావిడది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, అందులో మూడు పేజీలు పిల్లల తిండి గురించే, అందుకని ముందు నా మాటల్లో కుదించి చెప్తాను.

ఆవిడకి ఇద్దరు పిల్లలు. బాబుకి ఈమధ్యే 10 నిండాయి, పాపకి 5. ఆర్నెల్లు ఉండటానికి ఇండియా నుంచి అత్తగారు వచ్చారు. మొత్తం ఐదుగురు 2026 సమ్మర్‌లో ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నారు, 5 రాత్రులు, డిస్నీ వాళ్ళ హోటల్లోనే ఒక రూమ్ తీసుకుని. పాప తెల్లగా ఉన్నవే తింటుంది: అన్నం, సాస్ లేని పాస్తా, అరటిపండు, ఇడ్లీ (చట్నీ ప్లేట్‌కి తగిలితే అదీ వద్దు). బాబుకి పెరుగన్నం, దోశ, మ్యాగీ, ఫ్రైస్. అంతే లిస్టు. అత్తగారు శుద్ధ శాకాహారి, పైగా శనివారం ఒంటిపూట భోజనం.

ఇలాంటి ఇంటికి వాళ్ళాయన డైనింగ్ ప్లాన్, అంటే ట్రిప్‌లో తినబోయే భోజనాలకి డిస్నీకి ముందే డబ్బు కట్టేసే ప్యాకేజీ, కడదామంటున్నారు. చిన్నపిల్లలకి ఫ్రీ అని ఆఫర్ చూశారట. "ముందే కట్టేస్తే అక్కడ పర్సు తీసే పని లేదు, హాయిగా తిరగొచ్చు" అని ఆయన వాదన. ఈవిడ భయం వేరు. పోయినేడు ఒక క్రూజ్‌కి వెళ్ళారు, అక్కడా తిండి ముందే కట్టేసిందే. మూడో రోజు రాత్రి డిన్నర్‌లో బాబు ఏమీ తినకుండా బటర్ ప్యాకెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ కూర్చుంటే ఆయనకి ఒళ్ళు మండి "డబ్బులు కట్టాం, ఒక్క ముద్దన్నా తిను" అని ఫోర్క్‌తో పాస్తా నోట్లో పెట్టారు, వాడు అక్కడే టేబుల్ క్లాత్ మీద కక్కేశాడు. మిగతా రెండు రోజులూ భార్యాభర్తలకి మాటల్లేవు. ఆ రాత్రి పడుకోబెడుతుంటే పాప అడిగిందట, "అమ్మా, నేను తినకపోతే నాన్నకి డబ్బులు పోతాయా?" అని.

"మేడం, ప్లాన్ తీసుకుంటే మళ్ళీ అదే గొడవ, వద్దంటే నీకు అన్నిటికీ అడ్డమే అంటారు, అత్తగారేమో పులిహోర కలిపి పట్టుకెళ్దాం అంటున్నారు, ఆయనకి అది నామోషీ. ఏం చేయమంటారు?" ఇదీ ప్రశ్న.

అమ్మా, ముందు నా బాగోతం ఒకటి చెప్పనివ్వండి. మావాడికి ఆరేళ్ళప్పుడు మేమూ ఒక రిసార్ట్‌కి వెళ్ళాం, మూడు పూటలా భోజనం కలిపి కట్టేసిన ప్యాకేజీ. వాడు మూడు రోజులూ అప్పడం, పెరుగు తప్ప ఏదీ ముట్టలేదు. నాకు కడుపు మండిపోయి, కట్టిన డబ్బులు ఎలాగైనా రాబట్టాలని, బ్రేక్‌ఫాస్ట్ బఫేలో నాలుగు ఇడ్లీలు టిష్యూలో చుట్టి, సాంబారు చిన్న వాటర్ బాటిల్లో పోసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఆ బాటిల్ మూత సరిగ్గా పడలేదు. పాస్‌పోర్టులు ఎండబెట్టుకున్నాం ఆ రోజంతా. అందుకే మీవారిని నేను తిట్టలేను, ఆయనలో నేనే కనిపిస్తున్నాను నాకు. ముందే కట్టిన డబ్బుకి ఆ గుణం ఉంది, చెల్లించేశాక కూడా వదలదు, టేబుల్ దగ్గర మనతో పాటు ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

ఇప్పుడు ప్లాన్ సంగతి. మీ ఉత్తరం చూస్తే మీవారు "పిల్లలకి ఫ్రీ" దగ్గర ఆగిపోయినట్టున్నారు, కింద ఉన్న వయసు చదవలేదేమో. డిస్నీ లెక్కలో పిల్లలంటే 3 నుంచి 9 ఏళ్ళు. 10 నిండితే పెద్దమనిషే. 2026 ఆఫర్ కూడా ఆ 3-9 వాళ్ళకే, అదీ పెద్దవాళ్ళు ప్లాన్ కొంటేనే. అంటే మీ పాపకి ఫ్రీ. పెరుగన్నం తినే మీ బాబుకి మాత్రం మీవారితో సమానంగా రేటు. ఇంకోటి, ఒక బుకింగ్‌లో 3 ఏళ్ళు దాటిన అందరూ ఒకే ప్లాన్‌లో ఉండాలి. బాబుని వదిలేసి మేం ముగ్గురం తీసుకుంటాం, అత్తగారికి వద్దు అంటే కుదరదు, ఆవిడకి వేరే రూమ్ వేరే బుకింగ్ చేస్తే తప్ప. ఒంటిపూట శనివారం కూడా ఆవిడకి పూర్తి రేటే పడుతుంది.

డబ్బుల్లో చూద్దాం. కోవిడ్‌లో ఆగిపోయిన ఈ ప్లాన్‌ని 2024 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పెద్ద ప్లాన్, అంటే రోజూ ఒక పూట టేబుల్ దగ్గర కూర్చుని తినేది, పెద్దవాళ్ళకి తలకి రాత్రికి 94.28 డాలర్లు, చిన్న ప్లాన్, అంటే కౌంటర్ దగ్గర తెచ్చుకు తినే క్విక్ సర్వీస్‌ది, 57.01. ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటుంది, మీ తేదీలకి ఎంతో చూసుకోండి, కానీ ఆ పాత రేటుతోనే లెక్కేసినా బాబుతో కలిపి నలుగురు పెద్దవాళ్ళకి 5 రాత్రులకి పెద్ద ప్లాన్ 1,885 డాలర్ల పైన. అందులో ఒక్క బాబు వాటా 471. ఆ 471కి వాడికి వచ్చేవి కూర్చుని తినే భోజనాలు 5, కౌంటర్ దగ్గర తెచ్చుకునేవి 5, స్నాక్స్ 5, హోటల్లో మాత్రమే మళ్ళీ మళ్ళీ నింపుకునే మగ్గు ఒకటి. ఇవన్నీ వాడతాడా మీవాడు? మీరు రాసినదాన్ని బట్టి స్నాక్స్ మాత్రం ఐదుకి ఐదూ వాడతాడు, ఐస్‌క్రీం దగ్గర ఏ పిల్లాడూ పేచీ పెట్టడు, మిగతా వాటికి ఫ్రైస్ తింటాడు. ఫ్రైస్‌కి అంత పెట్టక్కర్లేదు కదా.

అలాగని ప్లాన్ వద్దే వద్దని కొట్టిపారేయను. అది కలిసొచ్చే ఇళ్ళు ఉన్నాయి, మీ ఇల్లు కూడా ఒక పద్ధతిలో వాడితే కలిసి రావచ్చు. నాకు కనిపిస్తున్న దారులు చెప్తాను, ఏది తీసుకుంటే ఏం జరుగుతుందో కూడా.

పెద్ద ప్లాన్ తీసుకుంటే దాన్ని బఫేల మీద, క్యారెక్టర్ మీల్స్ (డిస్నీ బొమ్మల వేషాల్లో ఉన్నవాళ్ళు టేబుల్ దగ్గరికి వచ్చి పలకరించే భోజనాలు) మీద ఖర్చుపెట్టాలి. తినీ తినని పిల్లలకి బఫే అంత మంచిది ఇంకోటి లేదు, ఎందుకంటే ప్లేట్ వాళ్ళే తెచ్చుకుంటారు, తెచ్చుకున్నది రెండు చెంచాలైనా ఎవరూ లెక్క అడగరు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్, యానిమల్ కింగ్‌డమ్ పార్కులో టస్కర్ హౌస్ అలాంటివే, మిక్కీ మౌస్, విన్నీ ద పూ లాంటి వాళ్ళు టేబుల్ దగ్గరికి వస్తుంటే పాప తినకపోయినా ఆ పూట దండగ అనిపించదు. మీ అత్తగారి కోసం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో బోమా అని ఆఫ్రికన్ రుచుల బఫే ఉంది, అక్కడ సూపులు, అన్నం, శాకాహారం బాగానే దొరుకుతాయి, పక్కన పిల్లల కోసం మామూలు అమెరికన్ ఐటమ్స్ కూడా పెడతారు. అదే హోటల్ కిడానీ విలేజ్ వైపు సనా అని ఇంకోటి ఉంది, ఇండియన్ ఆఫ్రికన్ కలిసిన వంట, నాన్‌లూ రకరకాల చట్నీలూ వచ్చే బ్రెడ్ సర్వీస్‌కి పేరు, కిటికీలోంచి చూస్తే బయట జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. మెనూలు మారుతుంటాయి, ఆ బ్రెడ్ సర్వీస్ ప్లాన్‌లోకి వస్తుందో రాదో కూర్చునే ముందే అడగండి, తిన్నాక అడిగితే మళ్ళీ గొడవ.

కానీ ఈ దారిలో ఏం పోతుందంటే, టైం. కూర్చుని తినే భోజనం అంటే గంటన్నర, రోజూ. టేబుళ్ళు 60 రోజుల ముందు నుంచే బుక్ అవుతాయి, మంచివి ఆ రోజు పొద్దున్నే పోతాయి, కాబట్టి జూన్ ఎండలో మంగళవారం సాయంత్రం ఐదున్నరకి మీ పాపకి ఆకలేస్తుందో లేదో రెండు నెలల ముందే మీరు ఊహించి పెట్టుకోవాలన్నమాట. ప్రిన్సెస్‌లతో కూర్చునే సిండ్రెల్లా రాయల్ టేబుల్ లాంటివి ఒక భోజనానికి రెండు క్రెడిట్లు (ప్లాన్‌లో ఒక్కో భోజనాన్నీ, స్నాక్‌నీ ఒక్కో క్రెడిట్‌గా లెక్కేస్తారు) తినేస్తాయి. టిప్పు ప్లాన్‌లో లేదు, అది చేతి నుంచే. వాడని క్రెడిట్లు చెకవుట్ రోజు అర్ధరాత్రికి పోతాయి. ఆ చివరి రోజు సాయంత్రం మీవారు ఎలా ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు, మిగిలిన 7 స్నాక్ క్రెడిట్లకి పాప్‌కార్న్, చాక్లెట్లు కొనిపించి సూట్‌కేస్‌లో కుక్కిస్తారు.

రెండోది చిన్న ప్లాన్. రోజుకి రెండు కౌంటర్ భోజనాలు, ఒక స్నాక్. పాత రేటుతో చూస్తే పెద్ద ప్లాన్ కంటే మీ నలుగురికీ 745 డాలర్లు తక్కువ. ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుని తెచ్చుకోవడమే, వెయిటర్ పక్కన నిలబడి "ఇంకా తింటున్నారా" అని అడగడాలు ఉండవు. బాబు ఫ్రైస్ తిని లేచిపోయినా సీన్ అవ్వదు. క్యారెక్టర్ మీల్ కావాలంటే ఒక్కటి డబ్బులు కట్టి తినండి, అదొక పండగలా ఉంటుంది. ఇబ్బందల్లా మీ అత్తగారికి. కౌంటర్ల దగ్గర శాకాహారం అంటే వెజ్ బర్గర్, పిజ్జా, సలాడ్ చుట్టూనే తిరుగుతుంది, యానిమల్ కింగ్‌డమ్ పార్కులో పాండోరా అనే భాగంలో ఉన్న సటూలీ క్యాంటీన్ లాంటి చోట అన్నం మీద పెట్టిచ్చే బౌల్స్ దొరుకుతాయి గానీ రోజూ అక్కడికే పోలేరు కదా. రెండు రోజులకే ఆవిడ "నాకు ఆకలి లేదులే" అనడం మొదలుపెడతారు, కోడళ్ళకి ఆ మాట అర్థం ఏంటో తెలుసు.

మూడోది నాకు ఎక్కువ నచ్చినది, కానీ మీవారికి నచ్చితేనే పనిచేస్తుంది. ప్లాన్ తీసుకోకండి, కానీ డబ్బులు మాత్రం ముందే పక్కన పెట్టేయండి. ఎలాగంటే, ట్రిప్ తిండికి ఎంత అనుకుంటున్నారో, పన్నెండు వందలో పదమూడు వందలో, అంతకి డిస్నీ గిఫ్ట్ కార్డులు కొనేసి పెట్టుకోండి. అక్కడ రెస్టారెంట్లలో చెల్లుతాయి, ఎక్స్‌పైరీ లేదు. మీవారికి కావాల్సింది ఏంటి, అక్కడ పర్సు తీయకుండా ఉండటమే కదా, ఆ సుఖం ఇందులోనూ ఉంది. తేడా ఒక్కటే, పాప తినకపోతే ఆ డబ్బు ఎక్కడికీ పోదు, కార్డులోనే ఉంటుంది, దాంతో చివరి రోజు బొమ్మ కొనుక్కోవచ్చు. పాప అడిగిన ప్రశ్నకి అప్పుడు జవాబు "పోవు నాన్నా" అవుతుంది, అబద్ధం కూడా కాదు.

దీనికీ ఒక నష్టం ఉంది. ప్రతి బిల్లూ కళ్ళముందు కనిపిస్తుంది. కొందరు మగవాళ్ళు (ఆడవాళ్ళు కూడా, నాతో సహా) నీళ్ళ బాటిల్ రేటు చూస్తే ఆ రోజు మూడ్ మొత్తం పాడుచేసుకుంటారు. మీవారు ఏ టైపు అన్నది మీకే తెలియాలి. బిల్లు చూస్తే బాధపడే మనిషా, వృథా చూస్తే బాధపడే మనిషా? మొదటి రకమైతే ప్లాన్ మేలు. రెండో రకానికి ప్లాన్ అంత పెద్ద శిక్ష లేదు. క్రూజ్ కథ చూస్తే మీవారు రెండో రకమే అనిపిస్తోంది, కానీ నేను ఆయన్ని ఒక్క రాత్రి భోజనం దగ్గరే చూశాను, అదీ మీ కళ్ళతో.

అన్నట్టు నీళ్ళు కొనక్కర్లేదు, కౌంటర్ సర్వీస్ ఉన్న చోట అడిగితే కప్పులో ఐస్ వాటర్ ఊరికే ఇస్తారు. స్నాక్ క్రెడిట్ నీళ్ళ బాటిల్‌కి వాడేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక పులిహోర. మీ అత్తగారిదే రైటు. డిస్నీ పార్కుల్లోకి బయట తిండి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు ఉండకూడదు, అక్కడ వేడి చేయాల్సినవి కాకూడదు, విడిగా ఐస్ ముక్కలు తేకూడదు, ఐస్ ప్యాకులైతే సరే. పులిహోరకి ఇవేవీ అడ్డురావు, ప్రయాణాలకే పుట్టిన వంట అది. పెరుగన్నం మాత్రం ఫ్లోరిడా ఎండలో మధ్యాహ్నానికి పుల్లబడుతుంది, కాబట్టి పాలు ఎక్కువ పోసి కొంచెమే పెరుగు వేసి కలిపి, ఐస్ ప్యాక్ పెట్టిన బ్యాగులో పెట్టండి. హోటల్ రూములో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, మామూలు రూముల్లో మైక్రోవేవ్ ఉండదు, కింద ఫుడ్ కోర్టులో ఉంటుంది. వేడి చేస్తే చాలు తినేసే అన్నం ప్యాకెట్లు, ఒక పెద్ద పెరుగు డబ్బా కొనుక్కుంటే బాబు గండం గట్టెక్కినట్టే. రూములో ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టి స్మోక్ అలారానికి టవల్ కట్టే మన వాళ్ళ తెలివితేటలు మాత్రం వద్దు, పప్పు ఉడికేలోపు హోటల్ మొత్తం ఖాళీ చేయించాల్సి వస్తుంది.

మీవారి నామోషీ గురించి ఒక మాట. ఆయన్ని "అమ్మ చేతి పులిహోర డిస్నీలో తింటే తప్పేంటి" అని నిలదీయకండి. పూటలు పంచేయండి: మధ్యాహ్నం ఒక్కపూట ఇంటి తిండి, రాత్రి ఆయన ఇష్టం. పిల్లలు పగలు కడుపు నిండా తిని ఉంటే రాత్రి రెస్టారెంట్‌లో వాళ్ళు తినకపోయినా ఎవరికీ భయం ఉండదు. ఆయన ఇష్టమైనది ఆయన తృప్తిగా తింటారు, అసలు ఆయన కూడా సెలవుకే కదా వచ్చింది.

పిల్లల సంగతికొస్తే, ఇంట్లో తినని పిల్లలు అక్కడికెళ్ళి తింటారనుకోవడం మన ఆశే. కొత్త చోటు, ఎండ, నడక, గోల, ఇవన్నీ కలిసి వాళ్ళని ఇంకా తెలిసిన తిండి వైపే లాగుతాయి. ఒక కొత్త పదార్థం పిల్లలు ఒప్పుకోవడానికి పది పదిహేను సార్లు కంటపడాల్సి వస్తుందని పిల్లల డాక్టర్లు చెప్తుంటారు, 5 రోజుల ట్రిప్‌లో అది అయ్యే పని కాదు. ఎల్లిన్ సాటర్ అని ఒక అమెరికన్ డైటీషియన్ పెద్దల పనీ పిల్లల పనీ విడదీసి చెప్పారు: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ళ చేతిలో, తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల చేతిలో. వినడానికి బానే ఉంటుంది, మన ఇళ్ళలో మేనత్తలూ అమ్మమ్మలూ గిన్నె పట్టుకుని వీధంతా తిరుగుతూ తినిపిస్తే పెరిగిన వాళ్ళం కాబట్టి చేయడం కష్టం. కానీ ఈ 5 రోజులకి అయినా ప్రయత్నించండి. టేబుల్ మీద వాళ్ళకి తెలిసింది ఒకటైనా ఉండేలా మీరు చూడండి, బటర్ వేసిన ఉత్త పాస్తా, సాస్ వేరే కప్పులో, అడిగితే చేసిస్తారు. తర్వాత మీ ప్లేట్ మీరు తినండి. వాడు బటర్ ప్యాకెట్లు పేర్చుకుంటే పేర్చుకోనివ్వండి.

బాబు 10 ఏళ్ళవాడు కదా, వాడిని లెక్కలోకి లాగండి. మెనూలన్నీ ముందే ఆన్‌లైన్‌లో ఉంటాయి, ఒక ఆదివారం కూర్చుని "నువ్వు ఎక్కడ ఏం తింటావో నువ్వే రాయి" అనండి. వాడు రాసిన కాగితం మీవారి ముందు పెట్టండి. ఐదు రోజులకీ ఫ్రైస్, మిక్కీ ఐస్‌క్రీం అని ఉంటే, 471 డాలర్ల వాదన మీరు చేయక్కర్లేదు, ఆ కాగితమే చేస్తుంది. ఒకవేళ వాడు బఫేలో ఏదో ఉత్సాహంగా రాశాడనుకోండి, మీరు కూడా పట్టు విడిచి ప్లాన్‌కి ఒప్పుకోండి, అప్పుడు అన్నిటికీ అడ్డమే అన్న మాట మీ మీద ఉండదు.

ఇది టేబుళ్ళు బుక్ చేసే టైంకి, అంటే ట్రిప్‌కి రెండు నెలల ముందే తేల్చుకోండి, ప్యాకేజీకి ఆఖరి పేమెంట్ 30 రోజుల ముందు కట్టాలి, అప్పటిదాకా ప్లాన్ మార్చుకోవడం తేలిక. ఆ ఫ్రీ ఆఫర్ తీసుకుంటే రూమ్ మీద ఇంకో డిస్కౌంట్ వదులుకోవాల్సి వస్తుందేమో కూడా ఫోన్ చేసి అడగమనండి ఆయన్ని, అలాంటి ఫోన్లు మగవాళ్ళకి ఇష్టం.

ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకటి కనపడలేదు. పాప ఆ రాత్రి అడిగిన మాట మీవారికి చెప్పారా? అప్పుడు మాటల్లేవు అన్నారు, తర్వాతైనా చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. ఆయనకి తెలియదేమో అమ్మా. ప్లాన్ గురించి మాట్లాడే ముందు అది చెప్పండి, పాప ఎలా అడిగిందో అలాగే, మీ వ్యాఖ్యానం ఏమీ కలపకుండా. చెప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోండి.